దప్పికా, పంటా? : పూర్తధర్మ దృష్టితో జూబ్లీహిల్స్ మెట్రో

నగరంలో ఒక చోటి నుండి మరొక చోటికి పోగలగడం పౌరుని హక్కా, డబ్బిచ్చి కొనుక్కోవలసిన సరుకా అన్న ప్రశ్న చూడడానికి ఆధునికమైనది. ఫ్రెంచి తాత్త్వికుడు ఆంరీ లెఫెవ్ర్ 1968లో ‘నగరంపై హక్కు’ అన్న మాటను ప్రతిపాదించిన నాటి నుండి ఈ చర్చ పాశ్చాత్య పరిభాషలోనే సాగుతున్నది. మన విశ్వవిద్యాలయాలలో కూడా ఆ పరిభాషనే అనువదించుకొని వాడుతున్నాం. అయితే తెలుగు నేలకు సంబంధించిన శాసనాలలోను, ధర్మశాస్త్ర నిబంధన గ్రంథాలలోను, ఇనాముల చరిత్రలోను ఈ ప్రశ్నకు ఒక పూర్వరూపం ఉంది. అది చెరువును గూర్చిన ప్రశ్న. ఎవరు తవ్వించాలి, ఎవరు కాపాడాలి, తవ్వించినవానికి ఏమి దక్కాలి, నీళ్ళు వాడుకున్నవాడు ఏమి చెల్లించాలి అన్న నాలుగు అంశాల చుట్టూ మన పూర్వులు చేసిన ఆలోచన, ఇవాళ హైదరాబాదు మెట్రో రైలు విషయంలో ఎదురవుతున్న చిక్కులను అర్థం చేసుకోవడానికి ఎంతవరకు పనికివస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు మెట్రో మూడవ మార్గంలోని ఒక చిన్న భాగాన్ని ఎంచుకుంటున్నాను. నాగోలు నుండి రాయదుర్గం దాకా పోయే ఈ మార్గం అమీర్‌పేట దాటాక మధురానగర్, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 5, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ స్టేషన్ల మీదుగా సాగుతుంది. రెండు మూడు కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఇక్కడ మూడు రకాల మనుషులు ఉన్నారు. బంజరు గుట్టలను నివాస స్థలాలుగా మార్చుకున్న ఆస్తిపరులు. కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ ఇరుకు గదులలోను, ఫిలింనగర్ గుట్టల మీది బస్తీలలోను ఉండే సినిమా శ్రామికులు. మాదాపూర్ కార్యాలయాలకు వచ్చిపోయే ఉద్యోగులు. ఒకే రైలు మార్గం ఈ ముగ్గురికీ ఒకే అర్థాన్ని ఇవ్వడం లేదు. ఈ తేడాయే ఇక్కడి నైతిక సమస్య.

పూర్తం, ఉత్సర్గం

‘ఇష్టాపూర్తం’ అన్న సమాసం ఋగ్వేదకాలం నాటిది. యజ్ఞయాగాదులు ఇష్టం; బావులు, చెరువులు, దేవాలయాలు, తోటలు, అన్నసత్రాలు పూర్తం. ఇష్టానికి అధికారం ద్విజులకే పరిమితం చేసిన స్మృతికారులు పూర్తాన్ని స్త్రీలకు, శూద్రులకు కూడా విహితం చేశారు. తెలుగు కవులు, శాసనకర్తలు పదే పదే చెప్పిన సప్తసంతానాలలో కొడుకుతో సమానంగా చెరువుకు, వనానికి, కావ్యానికి చోటు దొరకడం ఈ భావన కొనసాగింపే.

ఇక్కడ ముఖ్యమైనది ‘ఉత్సర్గం’ అన్న మాట. దానంలో ఒక వస్తువు మీది స్వామ్యం దాత నుండి ఒక నిర్దిష్ట వ్యక్తికి మారుతుంది. ఉత్సర్గంలో వదలుకోవడమే ఉంటుంది గాని ఇదిగో పుచ్చుకొన్నానని చెప్పేవాడు ఒక్కడంటూ ఉండడు. సమస్త ప్రాణులకూ అది చెందుతుంది. చెరువును ఉత్సర్గం చేసిన యజమాని ఆ తరువాత అందులో నీళ్ళు తాగవచ్చునా అన్న సందేహాన్ని కూడా శాస్త్రకారులు చర్చించారు. అందరిలో ఒకడుగా తాగవచ్చు, యజమానిగా కాదు అన్నది ఆ చర్చ సారాంశం. ప్రజాసంపద అన్న భావనకు ఇంతకంటె స్పష్టమైన నిర్వచనం దొరకడం కష్టం. కట్టినవాడు అందరిలో ఒకడయ్యే క్షణమే అది ప్రజలదయ్యే క్షణం.

ఇది ఆదర్శం. ఆచరణలో ఎవరూ ఊరికే చెరువులు కట్టి ఊరుకోలేదు, ఊరుకోవాలని శాస్త్రమూ అనలేదు. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను వరుసగా చెబుతుంది. రెండేళ్ళ పాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసిన సంగతీ చెబుతుంది. ఇంత పని పుణ్యం మీద మాత్రమే నడవదు. అందుకే దశబంధం అనే ఏర్పాటు వచ్చింది. చెరువు కట్టించినవానికి, తరువాత దానిని మరమ్మతు చేస్తూ ఉండేవానికి, ఆ చెరువు కింద సాగయ్యే భూమిలోనో ఫలసాయంలోనో పదవ వంతు మాన్యంగా ఇవ్వడం దాని స్వరూపం. కడప, కర్నూలు ప్రాంతాలలో దశబంధ ఇనాములు బ్రిటిషు వారి పాలనలోనూ కొనసాగాయి.

దశబంధాన్ని గూర్చి మన చరిత్రకారులు చాలానే రాశారు గాని, అందులోని నైతిక సూక్ష్మం మీద తగినంత దృష్టి పడలేదని నా అభిప్రాయం. కట్టినవానికి ఇచ్చిన భూమి ఎక్కడో వేరే ఊళ్ళో ఇవ్వరు. అదే చెరువు కింద ఇస్తారు. కట్ట తెగితే ముందు ఎండేది అతని పొలమే. పూడిక తీయకపోతే నష్టం అతనికి కూడా. లాభాన్ని సేవకు ముడివేసిన ముడి ఇది. ధర్మబుద్ధి మీద భారం వేయకుండా ధర్మాన్ని నడిపించే యుక్తి అని కూడా అనవచ్చు.

ఇవ్వజూపిన ముప్పైవేల కోట్లు

హైదరాబాదు మెట్రో కథను ఈ ముడి దగ్గర నుండి చూస్తే కొన్ని విషయాలు వేరుగా కనిపిస్తాయి. 2008లో ఈ పథకాన్ని దక్కించుకున్న మేటాస్ సంస్థల కూటమి ప్రభుత్వాన్ని సాయం అడగలేదు. పైపెచ్చు తానే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తానన్నది. ప్రపంచంలో నగర రైళ్ళు చాలావరకు నష్టంతోనో, ప్రభుత్వ సహాయంతోనో నడుస్తుండగా ఇది ఎలా సాధ్యమని అనేకులు ఆశ్చర్యపోయారు. అప్పటి ఢిల్లీ మెట్రో అధినేత ఇ. శ్రీధరన్ అదే ఏడాది దీని వెనుక ఉన్న భూముల వ్యాపారాన్ని గూర్చి హెచ్చరిస్తూ లేఖ రాశారు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసం బయటపడింది. ఆ ఏడాది జులైలో మెట్రో ఒప్పందం రద్దయింది.

ఆ ముప్పైవేల కోట్లు రైలు టికెట్ల నుండి వచ్చేవి కావు. రైలు పక్కన ఉన్న నేల నుండి రావలసినవి. చెరువు కడతానని వచ్చినవాడు నీళ్ళ మాట ఎత్తకుండా కట్ట పక్కన స్థలాల ధర లెక్కవేస్తే ఊరి పెద్దలు ఏమనుకునేవారో ఊహించడం కష్టం కాదు. ఆ కాలపు హైదరాబాదులో మాత్రం అది దూరదృష్టిగా మన్నన పొందింది.

రెండవసారి పిలిచిన టెండర్లలో ఎల్ అండ్ టి సంస్థ వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ పేరుతో 1,458 కోట్ల రూపాయల ప్రభుత్వ సహాయాన్ని కోరి పథకాన్ని పొందింది. 2010 సెప్టెంబరు 4న ఒప్పందం కుదిరింది. డిపోల దగ్గర, స్టేషన్ల పక్క పార్కింగ్ స్థలాలలో కలిపి 269 ఎకరాల మీద కోటీ ఎనభై అయిదు లక్షల చదరపు అడుగుల వాణిజ్య నిర్మాణాలకు సంస్థకు హక్కు లభించింది. దీనిని నేను ఆధునిక దశబంధం అంటాను. పోలిక పూర్తిగా సరిపోదని తెలుసు. దశబంధదారుని పంట చెరువు నీటితోనే పండుతుంది. స్టేషన్ పక్క మాల్‌కు వచ్చే జనంలో చాలామంది కారులో వస్తారు. అంటే అద్దె ఆదాయం రైలు సేవతో కొంతవరకే ముడిపడింది. అయినా ఆలోచన మౌలికంగా అదే. కట్టినవాడు కట్టిన దాని నీడలోనే బతకాలి.

తరువాతి కథ అందరికీ తెలిసిందే. 2017 నవంబరు 28న మియాపూర్–అమీర్‌పేట–నాగోలు మధ్య 30 కిలోమీటర్ల మార్గాన్ని ప్రధాని ప్రారంభించారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట–ఎల్.బి. నగర్, 2019 మార్చిలో అమీర్‌పేట–హైటెక్ సిటీ, ఆ ఏడాది నవంబరులో రాయదుర్గం, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్–మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మార్గాలు తెరుచుకున్నాయి. మొత్తం 69 కిలోమీటర్లు. నెల తిరక్కుండానే కరోనా వచ్చి దాదాపు ఆరు నెలలు రైళ్ళు ఆగిపోయాయి. అప్పుల వడ్డీ ఆగలేదు. 2025 సెప్టెంబరులో సంస్థ ఈ మొదటి దశ నుండి తప్పుకోవడానికి, దాదాపు 13,000 కోట్ల రుణభారంతో సహా ప్రభుత్వం దానిని తీసుకోవడానికి, సంస్థ వాటాకు సుమారు 2,000 కోట్లు చెల్లించడానికి సూత్రప్రాయమైన అంగీకారం కుదిరింది. దశబంధదారుడు మాన్యం వదులుకొని వెళ్ళిపోతే చెరువు తిరిగి రాజు చేతికి వచ్చినట్లు.

దీనిని ప్రైవేటు లోభానికి తగిన శాస్తి అని గాని, ప్రభుత్వ వైఫల్యమని గాని ఒక్క మాటలో తేల్చేవారు ఉన్నారు. రెండూ తేలిక మాటలు. అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది.

దప్పిక తీర్చుకున్నవాడు, పొలం తడుపుకున్నవాడు

చెరువు వ్యవస్థలో డబ్బు ఎవరు కట్టారు? నీళ్ళు తాగినవాడు కట్టలేదు. బాటసారి దోసిలి పట్టి తాగి పోతాడు, పశువులు దిగి తాగుతాయి, చాకిరేవు ఉంటుంది. వీటికి తీరువ లేదు. కట్టింది ఆయకట్టుదారు. చెరువు నీటివల్ల ఎవరి మెట్ట మాగాణి అయిందో వాడు. అతడు రోజూ చెరువు గట్టుకు వచ్చాడా లేదా అన్నది ఎవరూ చూడరు. అతని నేల విలువ పెరిగింది గనుక కడతాడు. బ్రిటిషువారు గోదావరి, కృష్ణా ఆనకట్టల తరువాత 1865లో చేసిన మద్రాసు నీటిపారుదల సెస్సు చట్టం కూడా ఈ సూత్రాన్నే పరిపాలన భాషలో చెప్పింది. దప్పికకు వెల లేదు, పంటకు ఉంది.

జూబ్లీహిల్స్ మీదుగా పోయే రైలు విషయంలో ఈ సూత్రం సరిగ్గా తలకిందులైంది. రైలెక్కినవాడు ప్రతిసారీ చెల్లిస్తున్నాడు. 2025 మే నెలలో ఛార్జీలు పెరిగాయి; తగ్గింపు పోగా కనీస ఛార్జీ 11 రూపాయలు, గరిష్ఠం 69 రూపాయలు అయింది. కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకొని రోజు కూలీ మీద బతికే సెట్ వర్కర్‌కు రానుపోను ఛార్జీ, స్టేషన్ నుండి పనిచోటికి ఆటో కలిపితే అది చిన్న మొత్తం కాదు. మరోవైపు, చెక్‌పోస్ట్ చుట్టుపక్కల, రోడ్ నంబర్ 36 వెంట ఉన్న స్థలాల యజమాని ఒక్కసారి కూడా రైలెక్కకపోయినా అతని ఆస్తికి స్టేషన్ దగ్గర ఉందన్న ఒక్క కారణంతో అదనపు విలువ వస్తుంది. ఆస్తిపన్నో రిజిస్ట్రేషన్ రుసుమో ఎప్పుడో కొంత పెరగవచ్చు. అది రైలు ఖాతాలో జమ కాదు. ఆయకట్టుదారు తీరువ కట్టకుండా తప్పుకున్నాడు. దోసిలి పట్టినవాని దగ్గర దోసిలికి ఇంత అని వసూలు చేస్తున్నాం.

ఇక్కడే మరొక అన్యాయం కంటి ముందు ఉంది గనుక చెప్పాలి. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన, దానిని జూబ్లీహిల్స్‌తో కలిపే రోడ్ నంబర్ 45 ఫ్లైఓవర్ తెరుచుకున్నాయి. కారులో పోయేవాడు వాటి మీద పైసా చెల్లించడు. అదే దూరాన్ని రైలులో పోయేవాడు టికెట్ కొనాలి. కారువాడు పెట్రోలు మీద పన్ను కడుతున్నాడు కదా అనవచ్చు. కడుతున్నాడు, కాని ఆ పన్ను ఆ వంతెన ఎక్కినా ఎక్కకపోయినా ఒకటే. ఒకే ప్రభుత్వం, ఒకే కొండ, ఒకే దిశ. ఒకరికి దారి ధర్మం, మరొకరికి దారి బేరం. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. బస్సు విషయంలో ప్రయాణాన్ని దప్పికగా గుర్తించిన రాజ్యమే, ఆ బస్సుకు నెత్తిమీద నడిచే రైలు విషయంలో దానిని పంటగా లెక్కిస్తున్నది. ఈ రెండు లెక్కలకూ మధ్య సూత్రం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

పూర్వపక్షం ఒకటి బలమైనది. ప్రయాణం నిజంగా దప్పికేనా? చల్లని పెట్టెలో కూర్చొని కార్యాలయానికి పోయే ఉద్యోగి నెలకు లక్ష సంపాదిస్తుంటే, అతని ప్రయాణం ఆదాయాన్నిచ్చే పంట కాదా? అతనికి ఉచితం ఎందుకు? ఈ వాదనలో నిజం ఉంది. అన్ని ప్రయాణాలూ ఒకటి కావు. అందుచేత రైలు ఉచితంగా ఉండాలన్నది నా వాదం కాదు. నిర్మాణభారాన్ని మోయవలసింది నేల, నడిపే ఖర్చులో కొంత మోయవలసింది ప్రయాణికుడు అన్న విభజన జరగలేదన్నదే వాదం. లండన్‌లో క్రాస్‌రైల్ కోసం 2010 నుండి పెద్ద వాణిజ్య భవనాల మీద అదనపు పన్ను వేశారు. హాంకాంగ్‌లో రైలు సంస్థే భూముల అభివృద్ధి చేసి ఆ లాభంతో రైలు నడుపుతుంది. దారులు వేరైనా నేల పండిన పంటలో చెరువుకు వాటా రావాలన్న సూత్రం ఒకటే. మన ఒప్పందం 269 ఎకరాల మేరకు ఈ సూత్రాన్ని పాటించి, ఆ గీత దాటిన మిగిలిన జూబ్లీహిల్స్‌ను, మాదాపూర్‌ను వదిలివేసింది.

నేల, బెంచీ, కుర్చీ

చెరువును ఆదర్శంగా చూపేటప్పుడు దాచకూడని విషయం ఒకటుంది. సమస్త ప్రాణులకూ ఉత్సర్గం చేసిన చెరువులలో కొందరు మనుషులకు మాత్రం దోసిలి ముంచే వీలు లేదు. పశువు దిగిన రేవులో మాల మాదిగలు దిగరాదన్న నియమం తెలుగు పల్లెలలో ఎంతకాలం నడిచిందో, కొన్నిచోట్ల ఎలా మిగిలి ఉందో వివరించనక్కరలేదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చేసిన పని ఒక చెరువు నుండి నీళ్ళు తాగడమే. పూర్తధర్మ గ్రంథాలు ‘అందరూ’ అన్నప్పుడు ఆ మాటకు అంచులున్నాయి. కాబట్టి పూర్వుల సూత్రాన్ని తీసుకోవడమంటే వారి ఊరిని తీసుకోవడం కాదు.

ఈ విషయంలో మెట్రో చెరువుకంటె ధర్మబద్ధమైనది. గేటు దగ్గర కార్డు తాకిస్తే తలుపు తెరుచుకుంటుంది. అది ఎవరి కార్డో దానికి పట్టదు. అంతకంటె విశేషం, హైదరాబాదు మెట్రోలో తరగతులు లేవు. స్త్రీలకు ప్రత్యేకించిన భాగం ఉన్నదే గాని డబ్బున్నవారికి వేరే పెట్టె లేదు. ఛార్జీ దూరానికే, కూర్చునే చోటికి కాదు. తెలుగువారి మరొక పెద్ద సామూహిక స్థలం సినిమాహాలు. అక్కడ నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని ఒకే చీకటిలో నాలుగు లోకాలుండేవి. నేల టికెట్టువాడు, బాల్కనీవాడు వేరువేరు గుమ్మాల గుండా వచ్చి, ఒకే పాటకు చప్పట్లు కొట్టి, వేరువేరు గుమ్మాల గుండా పోయేవారు. ఆ సినిమాలను తయారుచేసే కొండ పక్కనుండి పోయే రైలులో నేల, బాల్కనీ భేదం లేకపోవడం చిన్న సంగతి కాదు. రద్దీ వేళ అమీర్‌పేటలో ఎక్కినవారు ఎవరైనా నిలబడవలసిందే. గాజు అద్దాలు ఎత్తుకున్న కారులో తప్ప ఊరిని చూడని ఒక తరగతి మనుషుల కోసం కట్టినట్లుండే ప్రాంతం మీదుగా ఇది పోతుండడం వల్ల ఈ సమత్వం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఎంతమంది కారు దిగి వచ్చారన్నది వేరే సంగతి.

పేర్ల విషయం కూడా గమనించదగినదే. జూబ్లీహిల్స్‌లో వీధులకు పేర్లు అరుదు, అంకెలే. ఒక స్టేషన్ ‘రోడ్ నంబర్ 5’; ఇంకొకటి ‘చెక్‌పోస్ట్’, అంటే వచ్చేపోయేవారిని ఆపి చూసే చోటు. అంకెలకు, ఆంక్షలకు నడుమ గ్రామదేవత ఒక్కతే తన పేరు నిలుపుకొన్నది. పెద్దమ్మ గుడి స్టేషన్‌లో దిగే జనంలో బోనంతో, కుంకుమబరిణెతో వచ్చేవారు ఉంటారు. ఆ తరువాతి స్టేషన్లలో ఒకదానికి మిగిలిన పేరు చెరువుది. ఒకనాడు గోల్కొండకు నీళ్ళిచ్చిందని చెప్పే దుర్గం చెరువు ఇవాళ అపార్ట్‌మెంట్ల బాల్కనీలకు దృశ్యంగా మాత్రమే పనిచేస్తున్నది. ‘లేక్ వ్యూ’ అన్న పేరు మీద చదరపు అడుగు ధర పెరుగుతుంది. నీళ్ళు తాగేవాడు లేని చెరువుకు ఆయకట్టు మాత్రం మిగిలింది.

కాల్‌షీట్ వేళ

సమత్వం గేటు దగ్గర మొదలవుతుంది. కాని గేటు ఎప్పుడు తెరుస్తారు, ఎక్కడ ఉంటుంది అన్నవి గేటుకు ముందు తేలే ప్రశ్నలు.

1970ల నడుమ అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుకొని, తరువాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోల దాకా, తెలుగు సినిమా మద్రాసు నుండి ఈ గుట్టల మీదికి తరలివచ్చింది. స్టూడియోలకు, సినీ ప్రముఖుల ఇళ్ళకు ప్రభుత్వం ప్రోత్సాహంగా భూములిచ్చింది. ఫిలిం ఛాంబర్, సాంస్కృతిక కేంద్రం ఫిలింనగర్‌లో వెలిశాయి. పరిశ్రమను నడిపే ఇరవైనాలుగు క్రాఫ్టుల మనుషులు కొండ దిగువన కృష్ణానగర్, ఇందిరానగర్‌లలో సర్దుకున్నారు. కొందరికి మణికొండ వైపు చిత్రపురి కాలనీలో ఇళ్ళు దక్కాయి. ఫిలింనగర్ లోపల స్టేషన్ లేదు. చిత్రపురి దగ్గరా లేదు. కృష్ణానగర్‌వారికి మాత్రం యూసుఫ్‌గూడ, రోడ్ నంబర్ 5 స్టేషన్లు నడిచిపోయే దూరంలో ఉన్నాయి. ఇది మెట్రో వారికి చేసిన మేలే.

అయితే రైలు తెల్లవారి ఆరు గంటల ప్రాంతంలో మొదలై రాత్రి పదకొండు దాటిన కొంతసేపటికి ఆగిపోతుంది. సినిమా పని వేళలు ఆ రెండు గీతల లోపల ఇమడవు. ఉదయం కాల్‌షీట్‌కు లైట్లు సిద్ధం కావాలంటే లైట్‌మన్ చీకటితోనే బయలుదేరాలి. జూనియర్ ఆర్టిస్టులు తెల్లవారుజామున ఏజెంటు పిలిచిన చోట గుమిగూడి వ్యానెక్కుతారు. రాత్రి షూటింగ్ ముగిసేసరికి రైలు ఉండదు. మాదాపూర్ ఉద్యోగి దినచర్యను కొలతగా పెట్టుకొని రైలు వేళలు నిర్ణయమైతే, అదే రైలు కింద నివసించే శ్రామికునికి అది సగం పూటే పనికివచ్చే సౌకర్యం అవుతుంది.

దీనిని నిర్లక్ష్యమని ఆరోపించడం న్యాయం కాదు. పైన సాగే తీగలో ఇరవై అయిదు వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. పట్టాలు, తీగలు, సిగ్నళ్ళు పరీక్షించడానికి రాత్రి ఆ విద్యుత్తు ఆపక తప్పదు. న్యూయార్క్‌లో రాత్రంతా రైళ్ళు నడుస్తాయంటే, అక్కడ అనేక మార్గాలలో నాలుగేసి పట్టాలున్నాయి. రెండింటిని మూసి రెండింటిని నడపవచ్చు. మనకున్నవి రెండే. సాంకేతిక కారణం నిజమైనదే. కాని ఆ ఆరేడు గంటల ఖాళీని బస్సుతో పూరించే బాధ్యత ఎవరిదో నిర్ణయం కాలేదు. చెరువు పూడిక తీసే రోజుల్లో ఊరికి నీళ్ళెక్కడివి అని అడిగే హక్కు ఊరికి ఉన్నట్లే, ఇదీ అడగదగిన ప్రశ్న. అమర్త్యసేన్ నీతికి, న్యాయానికి భేదం చెబుతూ నియమాలు, సంస్థలు సరిగ్గా ఉండడం నీతి అని, మనుషుల బతుకుల్లో నిజంగా ఏమి జరిగిందన్నది న్యాయమని అంటాడు. మెట్రో సమయపట్టిక నీతి దృష్టికి నిర్దుష్టం. న్యాయం తెల్లవారి నాలుగింటికి కృష్ణానగర్ మూలమీద వ్యాను కోసం నిలబడి ఉంది.

సొరంగం ఎవరికి, నీడ ఎవరికి

రైలు నేల కింద పోవాలా, నేల పైన పోవాలా అన్నది కేవలం ఇంజనీర్ల ప్రశ్న కాదు. కలకత్తాలో 1984లో దేశపు మొదటి మెట్రో సొరంగంలోనే మొదలైంది; ఢిల్లీ, చెన్నై నగర మధ్యభాగాలలో నేల కిందికి దిగాయి. హైదరాబాదు మొదటి దశ యావత్తూ స్తంభాల మీదనే నడుస్తుంది. గట్టి రాతినేల, అంతకంటె ముఖ్యంగా ఖర్చు అందుకు కారణాలు. సొరంగానికయ్యే ఖర్చు వంతెన ఖర్చుకు రెండింతల పైమాటే. ప్రైవేటు పెట్టుబడి మీద నడిచే పథకం ఆ భారాన్ని ఎత్తుకోదు. భారం తగ్గినట్లు కనిపించింది గాని నిజానికి చోటు మారింది. స్తంభం పడ్డ వీధి వెలుతురును, అంగడి ముందు జాగాను, పాత కట్టడాల చూపును కోల్పోయింది. సుల్తాన్ బజార్ వర్తకులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. 2014లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం శాసనసభ, సుల్తాన్ బజార్ల దగ్గర మార్గం మార్చాలన్నది. చివరికి రెండు చోట్లా రైలు పైనుండే పోయింది.

పాతబస్తీలో అదీ జరగలేదు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుండి ఫలక్‌నుమా దాకా మొదటి ఒప్పందంలో ఉన్న అయిదున్నర కిలోమీటర్లు మొదటి దశ ముగిసినా మొదలుకాలేదు. మార్గం వివాదం, మసీదులు, ఆశూర్‌ఖానాలు, ఇరుకు వీధులు అన్నవి చెప్పిన కారణాలు. కారణాలు అబద్ధం కావు. కాని హైటెక్ సిటీ వైపు ఎదురైన అడ్డంకులకు పరిష్కారం వెతికిన వేగానికీ, ఇక్కడి నిదానానికీ పోలిక లేదు. ఎండకాలం చెరువు తూము ఏ పొలం వైపు ముందు తెరుస్తారన్న దాన్ని బట్టి ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో తెలిసేది.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన రెండవ దశలో 76.4 కిలోమీటర్ల మేర అయిదు మార్గాలున్నాయి. శంషాబాద్ విమానాశ్రయం, కోకాపేట, పటాన్‌చెరు, హయత్‌నగర్‌లతో పాటు పాతబస్తీ మార్గం ఇప్పుడు చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లుగా అందులో చేరింది. దాని కోసం దారుల్‌షిఫా, శాలిబండ ప్రాంతాల వీధులను వెడల్పు చేస్తున్నారు. ఇళ్ళలో, అంగళ్ళలో కొంత భాగం పోతుంది, నష్టపరిహారం ఇస్తున్నారు. అక్కడి చిన్న అంగడిదారు రైలుకు తన నేలనే ఇస్తున్నాడు. జూబ్లీహిల్స్‌లో రైలు నేలకు విలువ ఇచ్చింది. ప్రభుత్వమే ఇప్పుడు మొదటి దశకు యజమాని కాబోతున్నది, పదమూడు వేల కోట్ల అప్పుతో సహా. ఆ అప్పును టికెట్ల మీద వేస్తుందా, పన్నుల ద్వారా రాష్ట్రమంతటి మీద, మెట్రో ముఖం చూడని ఆదిలాబాదు రైతు మీద కూడా వేస్తుందా, లేక మార్గం వెంట పండిన ఆయకట్టును ఇప్పటికైనా కొలుస్తుందా అన్నది ఇంకా నిర్ణయం కాలేదు. కొలవడం కష్టమైన పనేమీ కాదు. ప్రతి స్టేషన్ చుట్టూ ఎన్ని గజాల నేల ఎవరి పేరున ఉందో, 2010లో దాని రిజిస్ట్రేషన్ విలువ ఎంతో, ఇవాళ ఎంతో ప్రభుత్వ దస్త్రాలలోనే ఉంది.